అతుకు వేసిన ఇంజిన్

మొన్న శనివారం సాయంత్రం మా వాడిని ఈత క్లాసు నుంచి తీసుకొస్తుంటే రైలు గేటు పడింది. ఇక్కడ అమెరికాలో గూడ్స్ బండికి గేటు పడిందంటే ఐదు నిమిషాలూ పట్టొచ్చు, పదిహేనూ పట్టొచ్చు, అందుకని కారు ఆఫ్ చేసి అద్దాలు దించుకుని కూర్చున్నాం. ముందు మూడు ఇంజిన్లు వచ్చాయి. మొదటిది కొత్తది, తళతళలాడుతోంది. రెండోదీ పర్లేదు. మూడోదాన్ని చూసి మా వాడు "నాన్నా, పింక్ ఇంజిన్!" అని అరిచాడు. "పింక్ కాదురా, అది ఎరుపు" అన్నాను. వాడు నమ్మలేదు. ఎలా నమ్ముతాడు, ఏళ్ళ తరబడి ఎండకి వెలిసి వెలిసి దాని మీద చాక్‌పీస్ పొడి రాసినట్టుంది. డ్రైవర్ కిటికీ కింద వేరే రంగులో పెద్ద అతుకు, దాని మీద కొత్త నంబరు. పక్క భాగం మీద పాత కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఈ చివర్నుంచి ఆ చివరిదాకా రోలర్‌తో పూసిన పట్టీ. పొద్దు వాలిన వెలుగు ఏటవాలుగా పడుతోంది కాబట్టి ఆ పట్టీ కింద నుంచి పాత అక్షరాలు లీలగా ఉబ్బి కనిపిస్తున్నాయి. రెండు అక్షరాలు చదివేలోపు ఇంజిన్ వెళ్ళిపోయింది, తర్వాత నూట యాభై పెట్టెలు.

అదే వారంలో ఒక హెరిటేజ్ ఇంజిన్ పెయింట్ షాపులోంచి బయటికి వస్తున్న వీడియో చూశాను. తెలియనివాళ్ళు ఉంటారని ఒక్క ముక్క చెప్తాను, ఇక్కడి రైల్‌రోడ్ కంపెనీలు తమలో కలిసిపోయిన పాత కంపెనీల గుర్తుగా ఒక్కో ఇంజిన్‌కి ఆ పాత కంపెనీ రంగులు వేయిస్తాయి, వాటినే హెరిటేజ్ యూనిట్లు అంటారు. తలుపులు తెరుచుకున్నాయి, ఇంజిన్ మెల్లగా బయటికొచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. నాకూ ముచ్చటేసింది. కానీ ఆ రాత్రి పడుకున్నాక కళ్ళ ముందు కదిలింది మాత్రం ఆ వెలిసిపోయిన మూడోదే. అప్పటినుంచి ఆలోచిస్తూ ఉంటే నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది, దాన్నే ఇక్కడ పెడుతున్నాను. రంగు అనేది ఏ రైల్‌రోడ్‌కైనా రోజూ పనిలోకి కట్టుకెళ్ళే బట్ట. దాన్ని ఒక్క ఇంజిన్‌కి పట్టుబట్టలా కట్టి మిగతావాటిని చిరుగులతో తిప్పితే, మనం చరిత్రని కాపాడుతున్నామని చెప్పుకోకూడదు.

నలుపు ఎలా వచ్చింది

మొదట్లో అమెరికా ఇంజిన్లు నల్లగా ఉండేవి కాదు. 1850ల నాటి ఇంజిన్ల బొమ్మలు చూడండి, ఎర్ర చక్రాలు, ఆకుపచ్చ ఒళ్ళు, బంగారు గీతలు, ఇత్తడి పట్టీలు, హెడ్‌లైట్ డబ్బా మీద కూడా బొమ్మలు వేసేవాళ్ళు. ఆ శోభ పోవడానికి మామూలుగా చెప్పే కారణం బొగ్గు. కట్టెలు పోయి బొగ్గు వచ్చింది, మసి పెరిగింది, ఖర్చు తగ్గించుకోవాలనుకున్నారు, నలుపు వేసేశారు. రైల్‌రోడ్ల యజమాని వాండర్‌బిల్ట్ తన ఇంజిన్ల మీద ఇత్తడి సింగారాలన్నీ తీయించేశాడని కూడా చెప్తారు. ఇదంతా నిజమే, కానీ నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించే కారణం ఇంకొకటి ఉంది. అంతకుముందు ఒక డ్రైవర్‌కి ఒక ఇంజిన్ అనే పద్ధతి ఉండేది, ఆ ఇంజిన్ ఆయనదే, ఇత్తడిని ఆయనా ఫైర్‌మ్యానూ కలిసి తోముకునేవాళ్ళు. తర్వాత్తర్వాత ఏ ఇంజిన్ ఖాళీగా ఉంటే దాన్ని ఏ డ్రైవర్‌కి వంతు వస్తే ఆయనకిచ్చే పద్ధతి వచ్చింది. కంపెనీకి అది లాభమే, ఇంజిన్ పడుకోకుండా పని చేస్తుంది. కానీ అందరిదీ అయిన ఇంజిన్ ఎవరిదీ కాకుండా పోయింది. నా ఇంజిన్ అనుకునే మనిషి పోయాకే రంగూ పోయిందని నాకు అనిపిస్తుంది.

నలుపులో కూడా పట్టింపులుండేవి. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వాళ్ళ ఆకుపచ్చ ఎంత ముదురంటే పక్కన నల్లటి వస్తువు పెడితే తప్ప ఆకుపచ్చ అని తెలియదు. బాయిలర్ ముందు పొగపెట్టె మీద మామూలు పెయింట్ నిలవదు, వేడికి కాలిపోతుంది, అందుకని అక్కడ గ్రాఫైట్, నూనె కలిపి పూసేవాళ్ళు, పాత ఫోటోల్లో ముక్కు భాగం బూడిదరంగులో కనిపించేది అందుకే. అందరూ నలుపులో ఉన్న రోజుల్లో 1926లో సదరన్ రైల్వే తన పీఎస్-4 ప్యాసింజర్ ఇంజిన్లకి చక్కటి ఆకుపచ్చ వేసి బంగారు గీతలు గీయించింది. వాటిలో 1401 నంబరుది ఇప్పటికీ వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. దాని ముందు నిలబడి చూస్తే రంగు అంటే ఏంటో తెలుస్తుంది.

టికెట్లు అమ్మిన రంగులు

ఇప్పుడు మనం అబ్బా అనుకునే రంగుల స్కీములు చాలావరకు 1930ల్లో పుట్టాయి. రోడ్ల మీద కార్లు పెరిగి రైళ్ళకి జనం తగ్గారు, దానికి తోడు డిప్రెషన్ అనే ఆర్థిక మాంద్యం. 1934లో యూనియన్ పసిఫిక్ పసుపు, గోధుమ రంగుల్లో ఎం-10000 అనే బండిని తెచ్చింది, అదే ఏడు బర్లింగ్టన్ రైల్‌రోడ్ వాళ్ళు అసలు రంగే లేకుండా స్టెయిన్‌లెస్ స్టీల్ మెరుపుతో జెఫిర్‌ని తెచ్చారు. పెన్సిల్వేనియా వాళ్ళ జీజీ1 ఎలక్ట్రిక్ ఇంజిన్‌కి డిజైనర్ రేమండ్ లోవీ రివెట్లు తీసేసి వెల్డింగ్ చేయమని చెప్పి, ఈ ముక్కు నుంచి ఆ ముక్కుదాకా ఐదు బంగారు గీతలు లాగాడు. సదరన్ పసిఫిక్ 1937లో డేలైట్ అనే ప్యాసింజర్ బండిని ఎరుపు, నారింజ, నలుపుల్లో తెచ్చింది.

అన్నిటిలోకీ ఎక్కువమంది గుర్తుపట్టేది శాంటా ఫే రైల్‌రోడ్ వాళ్ళ వార్‌బోనెట్ స్కీము. 1937లో జనరల్ మోటార్స్ ఆర్టిస్ట్ లీలాండ్ నికర్‌బాకర్ దాన్ని గీశాడు. ముక్కంతా ఎరుపు, ఆ ఎరుపు కిటికీల కింద నుంచి వంపు తిరిగి వెనక్కి జారి సన్నబడుతూ పోతుంది, మిగతా ఒళ్ళంతా వెండి, రెండూ కలిసేచోట పసుపు, నలుపు గీతలు. మైదాన ప్రాంతపు ఆదివాసీ నాయకుడి ఈకల కిరీటం ఆకారం అది. ఆ జనం భూముల మీదుగా పట్టాలు వేసి, వాళ్ళ కిరీటాన్నే టికెట్లు అమ్ముకోవడానికి వాడుకోవడం నాకు లోపల గుచ్చుకుంటూనే ఉంటుంది. అయినా ఆ వంపు మాత్రం అద్భుతం. బండి ఆగి ఉన్నా పరిగెడుతున్నట్టే ఉంటుంది.

ఇక్కడ నా వాదానికి నేనే అడ్డం రావాలి. ఈ రంగులన్నీ వ్యాపారం కోసం వేసినవే. శాంటా ఫే కూడా ఎరుపు-వెండిని ప్యాసింజర్ బళ్ళకే ఇచ్చింది, గూడ్స్ ఇంజిన్లు నీలం-పసుపుల్లో తిరిగాయి. అప్పటి ప్రచారం చరిత్ర అయినప్పుడు ఇప్పటి హెరిటేజ్ యూనిట్ ఎందుకు కాకూడదు, అదీ ప్రచారమే కదా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఏంటంటే, ఆ రోజు టికెట్ కొన్నవాడికి ఆ రంగు నిజంగా దొరికింది. మంగళవారం వచ్చినవాడికీ దొరికింది, గురువారం వచ్చినవాడికీ దొరికింది. ఇవాళ హెరిటేజ్ ఇంజిన్ మీ ఊరి గేటు దాటుతుందో లేదో ఎవరూ చెప్పలేరు, అది ఏ రాష్ట్రంలో ఉందో వెతుక్కుంటూ జనం కార్లేసుకుని పరిగెడతారు. నేనూ ఒకసారి మూడు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను, అరనిమిషంలో వెళ్ళిపోయింది.

దీనికి మంచి ఉదాహరణ మళ్ళీ శాంటా ఫేనే. 1971లో ప్యాసింజర్ బళ్ళు ఆమ్‌ట్రాక్ అనే ప్రభుత్వ ప్యాసింజర్ రైలు సంస్థకి వెళ్ళిపోయాక ఎరుపు-వెండి కూడా పక్కకెళ్ళింది. 1989లో అప్పటి ప్రెసిడెంట్ మైక్ హావర్టీ దాన్ని మళ్ళీ తెచ్చాడు, ముందు కొన్ని పాత ఎఫ్‌పీ45 ఇంజిన్లకి వేయించాడు. అక్కడితో ఆగి ఉంటే అదీ ఒక పట్టుబట్టే అయ్యేది. ఆగలేదు. 1990 నుంచి వచ్చిన కొత్త జీపీ60ఎం ఇంజిన్లు ఫ్యాక్టరీ నుంచే ఆ రంగుల్లో దిగాయి, తర్వాత ఇంకా చాలా. కంటైనర్లు లాగే మామూలు గూడ్స్ ఇంజిన్‌కి శాంటా ఫే వాళ్ళ ఖరీదైన ప్యాసింజర్ బండి సూపర్ చీఫ్ బట్టలు కట్టారన్నమాట. నా దృష్టిలో అసలైన హెరిటేజ్ అది.

దగ్గర్నుంచి చూస్తే

మా ఊళ్ళో పట్టాల పక్కన పార్కులో ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. ఒక రైల్‌రోడ్ పెయింట్ షాపులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు, కుర్చీ తెచ్చుకుని బళ్ళు చూస్తుంటాడు. కంపెనీ పేరు రాయను, ఆయన పేరూ రాయను. ఇంజిన్ మీద చూడాల్సినవి నాకు నేర్పింది ఆయనే. కిటికీ ముందు ముక్కు పైభాగం చూడు అన్నాడు. ఒళ్ళంతా ఏ రంగున్నా అక్కడ చాలా ఇంజిన్లకి మెరుపు లేని నలుపో ముదురు రంగో ఉంటుంది. ఎండ తగిలి ఆ వెలుగు డ్రైవర్ కళ్ళలో కొట్టకుండా. అలాగే ఒక చివర కింద చిన్న ఎఫ్ అక్షరం ఉంటుంది, అది ఈ ఇంజిన్‌కి ముందు వైపు ఇదీ అని చెప్పే గుర్తు, చట్టప్రకారం ఉండాల్సిందే. డిజైనర్ ఎన్ని వంపులు గీసినా ఈ రెండూ పనివాళ్ళ కోసం.

ఇంకా చెప్పాడు. పాత పెయింట్ గీకి, నున్నగా రుద్ది, ప్రైమర్ కొట్టి, లేత రంగు ముందు వేసి, ఆరాక దాని మీద టేపుతో వంపు గీసి, ముదురు రంగు స్ప్రే చేసేవాళ్ళమని. టేపు అంటించడమే అసలు పని అట. తిన్నటి గీత ఎవడైనా లాగుతాడు, వంపు దగ్గర టేపు ముడత పడితే పెయింట్ లోపలికి పాకుతుంది. ఆ మాట చెప్తూ చెయ్యి గాల్లో అలా జారించాడు, నెమ్మదిగా, పక్కకీ కిందకీ. ఇప్పటికీ ఆ చేతికి వంపు గుర్తుంది. టేపు పీకే రోజు షాపులో మిగతా పనివాళ్ళు కూడా వచ్చి నిలబడేవాళ్ళట.

ఆయనతో మాట్లాడాకే నాకు తట్టింది, రంగుకి ఒక డిజైనరే కాదు, వందసార్లు దాన్ని వేసిన చేతులు కూడా ఉంటాయి. అందరూ ఒకే స్కీములో ఉంటేనే ఆ చేతులకి పనీ, ఆ పనిలో నైపుణ్యమూ నిలుస్తాయి. ఏడాదికి ఒక్క హెరిటేజ్ ఇంజిన్ చేస్తే ఎంతమందికి ఆ వంపు వస్తుంది?

తొందరపడి వేసిన రంగు

ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ కోడాక్రోమ్‌ది. 1983 చివర్లో శాంటా ఫే, సదరన్ పసిఫిక్ మాతృసంస్థలు కలిసిపోయాయి, రైల్‌రోడ్లు కలవడానికి మాత్రం ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ అనుమతి కావాలి. అది వస్తుందిలే అనే ధీమాతో రెండు కంపెనీలూ ఇంజిన్లకి ఎరుపు, పసుపు, నలుపు వేయడం మొదలుపెట్టాయి. కోడాక్ ఫిల్మ్ డబ్బా రంగుల్లా ఉన్నాయని ఆ పేరొచ్చింది. సదరన్ పసిఫిక్ ఇంజిన్ల మీద ఎస్‌పీ అని రాసి పక్కన ఖాళీ వదిలారు. శాంటా ఫే ఇంజిన్ల మీద ఎస్‌ఎఫ్ అని రాసి దాని ముందు ఖాళీ వదిలారు. అనుమతి వచ్చిన రోజు మిగతా రెండక్షరాలు రాసేస్తే ఎస్‌పీఎస్‌ఎఫ్ అయిపోతుంది. 1986 జులైలో కమిషన్ కుదరదని చెప్పేసింది. ఆ నాలుగక్షరాలకి రైలు ఉద్యోగులూ అభిమానులూ అంత తొందరగా రంగులేయాల్సింది కాదు అనే అర్థం వచ్చేట్టు కొత్త విడమర్పు పుట్టించారు.

అందరూ ఇక్కడ నవ్వి వదిలేస్తారు. నేను వదలలేను. ఎందుకంటే ఆ ఇంజిన్లు ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి అలాగే తిరిగాయి, పక్కన ఖాళీతో, రాని రెండక్షరాల కోసం చోటు ఉంచుకుని. పెళ్ళి తప్పిపోయినా తోరణాలు విప్పని ఇల్లులా. సదరన్ పసిఫిక్‌ని 1988లో రియో గ్రాండ్ అనే ఇంకో రైల్‌రోడ్ యజమాని కొనుక్కున్నాడు, శాంటా ఫే 1995లో బర్లింగ్టన్ నార్తర్న్‌తో కలిసింది, సదరన్ పసిఫిక్ 1996లో యూనియన్ పసిఫిక్‌లో కలిసింది. ఇన్ని మలుపులూ చెప్పే పుస్తకం చదవాలంటే వారం పడుతుంది, ఆ ఖాళీ చోటున్న ఒక్క ఇంజిన్ ఫోటో చూస్తే అరనిమిషంలో అర్థమవుతుంది. ఏ బోర్డు మీటింగూ ఆ ఫోటో కావాలని అనుకోలేదు. అనుకోకుండా మిగిలిపోయింది కాబట్టే దానికి అంత బలం.

నాకున్న అనుమానాలు

హెరిటేజ్ యూనిట్లనీ, అలా గుర్తుగా రంగులేసిన ఇంజిన్లనీ తీసిపారేయడం నా ఉద్దేశం కాదు, కొన్ని నన్ను కదిలించాయి కూడా. 2005లో యూనియన్ పసిఫిక్ పెద్ద బుష్ గౌరవార్థం 4141 అనే ఇంజిన్‌కి ఎయిర్‌ఫోర్స్ వన్ విమానం రంగులు వేసింది, ఆయన 41వ ప్రెసిడెంట్ కాబట్టి ఆ నంబరు. 2018 డిసెంబర్లో అదే ఇంజిన్ ఆయన శవపేటికని టెక్సస్‌లో స్ప్రింగ్ నుంచి కాలేజ్ స్టేషన్‌కి తీసుకెళ్ళింది. దారి పొడవునా పట్టాల పక్కన జనం నిలబడి ఉంటే, టీవీలో చూస్తున్న నాకే గొంతు పట్టుకుంది. ఆ రోజు మామూలు ఇంజిన్ పెట్టి ఉంటే అంత ఉండేది కాదు, ఒప్పుకుంటాను.

నార్‌ఫోక్ సదరన్ 2012లో తన 30 ఏళ్ళ సందర్భంగా ఒకేసారి 20 ఇంజిన్లకి పాత రంగులు వేయించింది. అందులో 1073 నంబరుది పెన్ సెంట్రల్. అది 1968లో పుట్టి 1970లో దివాళా తీసిన కంపెనీ, ఖర్చు తగ్గించుకోవడానికన్నట్టు ఒట్టి నలుపు, దాని మీద తెల్ల లోగో, అంతే. ఆ నలుపుని కూడా దాచకుండా పక్కన నిలబెట్టడం నాకు నచ్చింది. అందమైనవే ఏరుకోలేదు. కానీ ఒక తేడా ఉంది. అసలు పెన్ సెంట్రల్ ఇంజిన్లు అలా నిగనిగలాడలేదు, మకిలి పట్టి, కింద నుంచి పాత కంపెనీల రంగులు బయటపడుతూ తిరిగాయి. 1073 మీద వేసింది ఆ కంపెనీ అనుకున్న రంగు. ఆ కంపెనీ బతికిన రంగు వేరే.

ఇంకో మాట, నా మిత్రుడొకడు ఫోన్లో అన్నాడు, "నీకు అతుకులంటే ఇష్టమంటావు, మళ్ళీ అన్నిటికీ కొత్త పెయింట్ వేయమంటావు, వేసేస్తే నీ అతుకులు ఎక్కడుంటాయి?" రెండు రోజులు జవాబు దొరకలేదు. ఇప్పుడు ఇలా అనుకుంటున్నాను. కంపెనీ మారితే ఇంజిన్ గుర్తింపు కోసం కొత్త అక్షరాలు, కొత్త నంబరు అవసరం, దానికి డ్రైవర్ కిటికీ కింద అంత చోటు చాలు. పక్కన పొడవునా ఉన్న పాత పేరుని చెరపాల్సిన పని లేదు. దాన్ని దాని వయసుకి వదిలేయండి. వంతు వచ్చినప్పుడు, తుప్పు మొదలవ్వకముందే, పూర్తిగా మంచి పెయింట్ వేయండి. పేరు చెరపడానికి మాత్రం వచ్చి, రేకుని కాపాడటానికి రాని రోలరే నాకు నచ్చనిది.

ఖర్చు సంగతి కూడా తీసేయలేం. వెలిసిన ఇంజిన్ కొత్తదానంతే బరువు లాగుతుంది, పెట్టెల్లో గోధుమలు ఇంజిన్ రంగు చూసుకోవు, షాపులో ఉన్నన్ని రోజులూ ఇంజిన్ సంపాదించదు. గూడ్స్ కంపెనీకి టికెట్ కొనే జనం కూడా లేరు. అయితే ఆ బండి హారన్‌కి రాత్రి రెండింటికి లేచేవాళ్ళు ఉన్నారు, గేటు దగ్గర పావుగంట ఆగేవాళ్ళు ఉన్నారు, చలిలో దాని మెట్లు పట్టుకుని ఎక్కేవాళ్ళు ఉన్నారు. వీళ్ళకి ఆ కంపెనీ నుంచి ఉచితంగా కంటికి అందేది ఆ రంగొక్కటే. అది ఎక్కడో ఉన్న ఇరవై ఇంజిన్ల మీద ఉంటే వీళ్ళకి అందదు.

పోయిన ఆదివారం పార్కులో ఆ పెద్దాయనకి గేటు దగ్గర చూసిన ఇంజిన్ గురించి చెప్పాను. పట్టీ కింద నుంచి అక్షరాలు కనిపిస్తున్నాయని చెప్పేసరికి కుర్చీలో కొంచెం ముందుకి వంగాడు. కంపెనీలు కలిసిపోయాక పాత పేర్ల మీద రంగు పూయమని వాళ్ళ షాపుకీ ఆర్డరొచ్చిందట. అందులో కొన్ని ఆయన స్వయంగా రాసిన అక్షరాలే. రెండు పూతలు వేయాలని కాగితం మీద ఉంది. "నేను ఒక్కటే వేసేవాడిని" అన్నాడు.